ఫ్రేయా దేవి రథమునకు పూన్చిన పిల్లులు

దేవతను వాహనమును బట్టి గుర్తించుట మనకు పసినాటి నుండి అలవాటు. గుడిగోడ మీది శిల్పము ముఖము అరిగిపోయినను, పాదముల చెంత ఎలుక యున్నచో వినాయకుడనియు, నెమలి యున్నచో కుమారస్వామి యనియు, సింహమున్నచో అమ్మవారనియు చెప్పగలము. వాహనము కేవలము ప్రయాణసాధనము కాదు. ఆ దేవత ఏ శక్తిని లోబరచుకొన్నదో, ఏ శక్తితో చెలిమి చేసినదో అది చెప్పును. ఆ కన్నుతోనే నేడు మనకు మిక్కిలి దూరమైన ఒక దేవతను చూడవలెనని నా కోరిక.

ఉత్తర ఐరోపాలోని నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశములలో క్రైస్తవము వేరూనుటకు పూర్వము, అనగా ఇంచుమించు వెయ్యేండ్ల క్రిందటి వరకు, ప్రజలు కొలిచిన దేవతలలో ఫ్రేయా అను నామె ప్రధానురాలు. ఆమె రథమునకు గుఱ్ఱములు లేవు, ఎద్దులు లేవు. దానిని లాగునవి రెండు పిల్లులు.

ఇంట పిల్లిని పెంచినవారికి ఈ మాట వినగానే నవ్వు వచ్చును. పిల్లి పిలిచిన రాదు, పొమ్మన్న పోదు. మెడకు త్రాడు కట్టినచో వెల్లకిల పడి నాలుగు కాళ్ళతోను దానిని పీకును. పాలగిన్నె కడ తప్ప మరెచ్చటను మన మాట దాని చెవికెక్కదు. అట్టి జంతువులను ఒకటి కాదు, రెండింటిని ఒకే కాడికి కట్టి ఒకే దిక్కునకు నడిపించునట! ఆ కథ చెప్పుకొనిన ప్రజలును పిల్లులను పెంచినవారే. ఇందలి వింత వారికి తెలియనిది కాదు. తెలిసియే చెప్పినారని నా నమ్మకము.

ఫ్రేయా ఎవరో ముందుగా కొంత తెలిసికొనవలెను. ఆ దేశపు దేవతలు రెండు వంశములవారు. ఓడిన్, థోర్ మొదలగువారిది ఏసిర్ వంశము. పంటలకు, సంపదకు, సముద్రమునకు సంబంధించినవారు వానిర్ వంశము. ఈ రెండు వంశములకు యుద్ధము జరిగి, తుదకు సంధి కుదిరి, ఒకరి మనుష్యులను మరొకరు పూచీగా ఇచ్చిపుచ్చుకొనిరి. సముద్రదేవతయైన న్యోర్డ్ అట్లు ఏసిర్ల చెంతకు వచ్చెను. అతని కుమారుడు ఫ్రేయర్, కూతురు ఫ్రేయా. ప్రేమ విషయములలో ఆమెను ప్రార్థించుట మేలని చెప్పుదురు. ఇంతమాత్రమే విన్నచో ఆమెను మన రతీదేవి వంటిదనుకొందుము. కాని యుద్ధరంగమున పడిన వీరులలో సగము మంది ఓడిన్‌కు, సగము మంది ఫ్రేయాకు చెందుదురని ప్రాచీన గీతమొకటి చెప్పుచున్నది. అందులోను, తన సగమును ఎన్నుకొనునది ఆమెయే. ఆమె నివాసము ఫోల్క్‌వాంగ్. ఆమె సభాభవనము సెస్‌రూమ్నిర్. కంఠమున బ్రీసింగమెన్ అను హారము. ఆకాశమున ఎగురుటకు డేగ ఈకల దుప్పటి. ఆమె భర్త ఓడ్ అనువాడు ఇల్లు విడిచి దూరదేశములకు పోయెను. అతనిని వెదకుచు ఆమె తిరిగిన చోట్ల రాలిన కన్నీరు ఎఱ్ఱని బంగారమైనదట.

ప్రేమ, మరణము, బంగారము, విరహము అన్నియు ఒక్క దేవత యందే యున్నవి. వీని నడుమ పిల్లులెందుకు?

ఇచ్చట ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఫ్రేయా పిల్లులను గూర్చి మనకున్న ఆధారము మిక్కిలి స్వల్పము. ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ అను పండితుడుండెను. ఆయన జీవితకాలము 1179 నుండి 1241 వరకు. ధర్మశాస్త్రవేత్త, రాజకీయములలో మునిగిన ధనికుడు, మంచి కవి. 1220 ప్రాంతమున ఆయన కవితావిద్య నేర్చువారికొఱకు ‘ఎడ్డా’ అను గ్రంథము రచించెను. పాత కవుల పద్యములు అర్థము కావలెనన్న పాత దేవతల కథలు తెలియవలెను కదా! అందుచేత ఆ కథలను వచనమున చెప్పెను. ఫ్రేయా ప్రయాణమైనప్పుడు రథమెక్కి రెండు పిల్లులను తోలునని ఒక చోట. బాల్డర్ అను దేవుని అంత్యక్రియలకు ఆమె తన పిల్లులతో వచ్చెనని మరొక చోట. కవులు ఆమెను పోతుపిల్లుల యజమానురాలని పేర్కొనవచ్చునని ఇంకొక చోట. ఇంతే. ఆయనకంటె ప్రాచీనములైన దేవతా గీతములలో ఫ్రేయా పంది నెక్కి పోవుట కలదు గాని, పిల్లుల ప్రసక్తి లేదు.

స్నోరి క్రైస్తవుడు. ఐస్‌లాండ్ క్రైస్తవమును స్వీకరించి అప్పటికి 200 సంవత్సరములు దాటినవి. కనుక ఆయన మాటను ఎంతవరకు నమ్మవచ్చునని విద్వాంసులు తర్కించినారు. పోతుపిల్లి యను నర్థమున ఆయన వాడిన పదమునకు ఎలుగుబంటి యను నర్థమును కలదు. అందుచేత ఇవి పిల్లులు కావేమో యని కొందరు. అడవిలో తిరుగు లింక్స్ అను పెద్దపిల్లి కావచ్చునని కొందరు. ఆసియా మైనర్ నుండి రోముకు చేరిన సిబెలీ మాత రథమును సింహములు లాగును గదా, దాని ప్రతిధ్వని ఇది యని మరికొందరు. ఇన్ని వాదములు విన్న పిమ్మట నాకు తోచునదొకటే. తన మతము కాని మతమును గూర్చి వ్రాయుచున్న గంభీరుడైన న్యాయవేత్త, నవ్వు పుట్టించు ఇట్టి వివరమును కల్పించుటకు కారణము కనబడదు. విన్నది విన్నట్లు వ్రాసినాడనుటయే సులువు.

ఈ పిల్లులకు స్నోరి పేర్లు కూడ పెట్టలేదు. థోర్ రథమును లాగు రెండు మేకపోతులకు పేర్లున్నవి. ఓడిన్ యొక్క ఎనిమిది కాళ్ళ గుఱ్ఱమునకు స్లైప్నిర్ అను పేరున్నది. ఫ్రేయర్ యొక్క బంగారు రోమముల పందికి రెండు పేర్లున్నవి. పిల్లులు మాత్రము అనామకములు. నేడు కొన్ని పుస్తకములలో ‘బైగుల్’, ‘ట్రెగుల్’ అని వాని పేర్లు కనబడును. అవి ప్రాచీనములు కావు. ఒక అమెరికన్ రచయిత్రి 1984లో ప్రచురించిన నవలలో పెట్టినవి. పేరులేని వానికి పేరు పెట్టవలెనని మనస్సు తొందరపడును. నా మట్టుకు పేరు లేకుండుటయే పిల్లికి తగిన గౌరవముగా తోచుచున్నది. పెట్టినను పలుకదు గనుక.

ఐతే ఆ ప్రజలు పిల్లిని గూర్చి ఏమనుకొనిరో తెలిసికొనుటకు ఫ్రేయా రథమొక్కటే ద్వారము కాదు. అదే ఎడ్డాలో పిల్లి మరి రెండు చోట్ల వచ్చును. ఆ రెండును రత్నముల వంటి కథలు.

ఫెన్రిర్ అను తోడేలు దేవతల మధ్యనే పెరిగి, రోజురోజుకు బలిసి, తుదకు లోకమునకే ప్రమాదముగా కనబడెను. దానిని బంధింపవలెనని ఇనుప సంకెల వేసిరి, విదిలించుకొనెను. రెండింతలు బలమైన సంకెల వేసిరి, అదియు తునకలయ్యెను. అప్పుడు భూగర్భమున నివసించు మరుగుజ్జు శిల్పుల చేత గ్లైప్నిర్ అను మూడవ బంధమును చేయించిరి. అది పట్టుదారము వలె మెత్తగా, సన్నగా నున్నది. దానిని ఆరు వస్తువులతో పేనినారట: పిల్లి అడుగుల చప్పుడు, ఆడుదాని గడ్డము, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరములు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి. తోడేలునకు అనుమానము వచ్చి, ఎవరైనను తన నోట చేయి పెట్టి పూచీపడిన గాని కట్టించుకొననన్నది. టూర్ అను దేవుడు కుడిచేయి పెట్టెను. బంధము బిగిసెను; టూర్ చేయి పోయెను.

ఇనుము తెగినది, చప్పుడు తెగలేదు! అదియు వినబడని చప్పుడు. ఆడువారికి గడ్డము లేకుండుటకును, పిల్లి నడిచిన చప్పుడు వినరాకుండుటకును కారణమిదేనని కథకుడు కొంటెగా చెప్పును. వానినన్నిటిని ఆ త్రాటి కొఱకే వాడివేసినారట. మన భాషలోను దొంగచాటుగా నడచువానిని పిల్లి అడుగులు వేయుచున్నాడందుము. మనకది దొంగతనపు గుర్తు. వారికది లోకమును నాశనము నుండి కాపాడిన త్రాటిలోని మొదటి పోగు.

రెండవ కథ థోర్‌ది. అతడు పిడుగుల దేవుడు. సమ్మెట పట్టిన మహాబలుడు. ఉట్‌గార్డ లోకి అను రాక్షసరాజు కొలువునకు పోయి తన బలమును చూపబోయెను. కొమ్ములోని పానీయమును త్రాగుమనిరి. మూడు గ్రుక్కలలోను ముగియలేదు. పిమ్మట రాజు చులకనగా, ఇచ్చటి పిల్లకాయలు నా పిల్లిని నేల నుండి ఎత్తుచుందురు, నీవు ఎత్తుమనెను. పెద్ద బూడిదరంగు పిల్లి వచ్చి నిలిచెను. థోర్ దాని కడుపు క్రింద చేయివేసి పైకెత్తినకొలది అది వీపును వంచుచు పోయెను. ఎంత చాచి యెత్తినను ఒక్క పాదము మాత్రమే నేల విడిచినది. తరువాత ఒక ముదుసలితో కుస్తీ పట్టి ఆమె చేతిలోను ఓడెను. మరునాడు సాగనంపుచు రాజు నిజము చెప్పినాడు. కొమ్ము చివర సముద్రములో నున్నది. ముదుసలి ముసలితనమే. ఇక పిల్లి భూమండలమును చుట్టుకొనియున్న మహాసర్పము. ఆ ఒక్క పాదము లేచినప్పుడు చూచినవారందరు గడగడలాడిరట.

పిల్లిని ఎత్తబోయి వంగిన వీపును చూడనివారు మనలో ఎవరు? ఇంటి పిల్లి ప్రతిదినము చేయు పనినే కథకుడు తీసికొని, దానిలో బ్రహ్మాండమును దాచెను. దాని బరువు చూపునకు కనబడదు. బలవంతముగా ఎత్తువానికే అది తెలియును.

ఈ రెండు కథలలోను ఫ్రేయా లేదు. కాని పిల్లిని ఏ కన్నుతో చూచిరో ఇవి చూపుచున్నవి. వినబడకుండ కట్టునది, కనబడకుండ బరువైనది. అట్టిదానిని బలము చేత లొంగదీయుట థోర్‌కే సాధ్యము కాలేదు. ఫ్రేయా రథమునకు అవి రెండు వచ్చి కట్టుబడినవనగా, ఆమె శక్తి థోర్ శక్తి వంటిది కాదని అర్థము. ప్రేమను ఆజ్ఞాపింపలేము. మృత్యువును తోలలేము. రాబోవుదానిని సమ్మెటతో కొట్టి పలికింపలేము. ఈ మూడింటికిని అధిదేవత ఫ్రేయా. రాబోవుదానిని తెలిసికొను సెయిద్ అను మంత్రవిద్యను ఏసిర్ దేవతలకు నేర్పినది ఆమెయేనని స్నోరి తన రాజుల చరిత్రలో వ్రాసినాడు.

సెయిద్ అనగా ఎట్లుండెనో తెలుపు ఘట్టమొకటి ‘ఎఱ్ఱని ఎరిక్ కథ’ అను 13వ శతాబ్దపు గ్రంథములో నున్నది. నా మనస్సునకు ఈ విషయమంతటిలోను ఇదియే అన్నిటికంటె దగ్గరగా తోచును. కొంచెము నిదానముగా చెప్పెదను.

గ్రీన్‌లాండ్‌లో నార్స్ జనులు కొత్తగా కాపురములు పెట్టిన కాలము, క్రీ. శ. 1000 ప్రాంతము. ఒక శీతకాలమున కరవు వచ్చెను. వేటకు పోయినవారికి వేట చిక్కలేదు; కొందరు తిరిగియే రాలేదు. ఈ కరవు ఎప్పటికి తీరునో తెలిసికొనవలెనని థోర్కెల్ అను పెద్దరైతు థోర్‌బ్యోర్గ్ అను సోదె చెప్పు స్త్రీని తన ఇంటికి పిలిపించెను. ఆమెతో పుట్టినవారు తొమ్మండుగురు అక్కచెల్లెండ్రు, అందరును సోదెకత్తెలే. వారిలో మిగిలియున్నది ఆమె యొక్కతెయే. ఆమె వేషమును కథకుడు కన్నులకు కట్టునట్లు వర్ణించెను. అంచు వరకు రాళ్ళు పొదిగిన నీలిదుప్పటి, మెడలో గాజుపూసలు, తలపై నల్లని గొఱ్ఱెపిల్ల చర్మపు కుళ్ళాయి, దానికి లోపల తెల్లని పిల్లితోలు, చేత ఇత్తడి గుబ్బ గల కర్ర, కాళ్ళకు వెండ్రుకలు తీయని దూడతోలు చెప్పులు, చేతులకు పిల్లితోలు తొడుగులు, అవి లోపల తెల్లగా, మెత్తగా నున్నవి. ఇంటి యజమాని ఆమెను చేయిపట్టి తీసికొనిపోయి ఉన్నతాసనమున కూర్చుండబెట్టెను. మేకపాలతో జావ కాచి పెట్టిరి. ఆనాడు ఆమె ఏమియు చెప్పలేదు.

మరునాడు సాయంకాలము ఆమె ఒక పాట అడిగినది. ఆ విద్యకు కావలసిన ఆ పాట తెలిసిన స్త్రీ ఎవరైనను ఉన్నచో పాడవలెనన్నది. ఇల్లిల్లు వెదకినను లేరు. అప్పుడు గుడ్రిడ్ అను పడుచు నోరు విప్పినది. నేను మంత్రగత్తెను కాను, కాని ఐస్‌లాండ్‌లో నన్ను పెంచిన తల్లి ఆ పాట నేర్పినదన్నది. ఐతే పాడుట కిష్టము లేదు, నేను క్రైస్తవురాలనన్నది. ఆమె తండ్రి ఇట్టి అన్యమతకార్యము జరుగు ఇంట నుండజాలక అప్పటికే బయటకు పోయెను. థోర్‌బ్యోర్గ్ ఆమెను బెదిరింపలేదు, శపింపలేదు. ఇంతమందికి సహాయము చేయుదువు, దానివలన నీవు చెడ్డదానవు కాబోవు అను భావము వచ్చునట్లు మెల్లగా పలికినది. ఇంటాయన బ్రతిమాలెను. గుడ్రిడ్ ఒప్పుకొనినది. స్త్రీలు ఆసనము చుట్టు వలయముగా నిలిచిరి. ఆమె పాడినది. అంత మధురముగా పాడగా తామెన్నడు వినలేదని అక్కడివారు చెప్పిరట. థోర్‌బ్యోర్గ్ సంతోషించి, ఇంతవరకు మన నుండి ముఖము త్రిప్పుకొనిన శక్తులు ఈ పాట విని వచ్చినవన్నది. కరవు ఈ శీతకాలముతో తీరును, వసంతము నాటికి మేలగుననెను.

గుడ్రిడ్ చరిత్ర అంతటితో ముగియలేదు. ఆమె భర్తతో అమెరికా ఖండపు తీరమునకు పోయి అచ్చట బిడ్డను కనినది. మరొక కథను బట్టి, వార్ధక్యమున రోముకు కాలినడకను యాత్ర చేసి వచ్చి క్రైస్తవ సన్న్యాసినియై జీవించినది. ఐనను కరవునాడు ఆ పాట పాడుటకు ఆమె కంఠమే అక్కరకు వచ్చెను.

సోదెకత్తె చేతుల మీది పిల్లితోలు ఫ్రేయాకు గుర్తని ఆ కథ స్పష్టముగా చెప్పదు. ఫ్రేయా పేరే అచ్చట లేదు. ఆ విద్య ఫ్రేయాది, ఆ తోలు పిల్లిది కనుక రెండింటిని పలువురు పండితులు ముడివేసినారు. ఆ ముడి న్యాయమైనదే యని నాకును తోచును. కథకుడు మిగిలిన వస్తువుల నన్నిటిని ఒకసారి చెప్పి, పిల్లితోలును మాత్రము రెండుసార్లు, తలకును చేతులకును, చెప్పుట ఊరక జరిగినది కాదు.

నేలలో దొరికిన సాక్ష్యమొకటి కలదు. నార్వేలో టోన్స్‌బెర్గ్ పట్టణ సమీపమున ఓసెబెర్గ్ అను వ్యవసాయక్షేత్రమున్నది. అచ్చటి మట్టిదిబ్బను 1904లో త్రవ్వగా దాని క్రింద ఒక నిండు ఓడ బయటపడెను. ఓడలో ఇద్దరు స్త్రీల అస్థికలు. ఒకామె 70 దాటిన వృద్ధురాలు, ఒకామె 50 ప్రాంతపు వయసు. సమాధిగదికి వాడిన కలప వలయములను లెక్కించి, అది క్రీ. శ. 834 నాటిదని నిర్ణయించిరి. వారితో పాటు మంచములు, మగ్గములు, వంటపాత్రలు, అల్లిక బొమ్మల బట్టలు, ఒక కొయ్యబండి పెట్టిరి. నార్వేలో లభించిన వైకింగ్ యుగపు పూర్తి బండి అదొక్కటే. దాని పెట్టె మీద అంతటను చెక్కడపుపని. వెనుక పలక మీద వరుసగా చెక్కిన జంతువులు పిల్లుల వంటివి. ఆ స్త్రీలు రాణులో, పూజారిణులో, ఫ్రేయా భక్తులో, చెక్కడము చెప్పదు. కాని ఒక ప్రముఖ స్త్రీని పరలోకమునకు సాగనంపు బండి మీద పిల్లులను చెక్కవలెనని ఒక వడ్రంగికి తోచినది. స్నోరి పుట్టుటకు 300 ఏండ్లకు పైగా ముందే తోచినది. స్నోరి మాటపై నా నమ్మకమునకు ఈ పలక కొంత ఊతమిచ్చుచున్నది.

ఇంతవరకు విని, ఆ దేశములలో పిల్లి పూజలందుకొన్నదనుకొందురేమో! అట్లు కాదు. డెన్మార్క్‌లోని ఓడెన్స్ పట్టణమున త్రవ్వకములలో 11వ శతాబ్దపు గుంత నొకదానిని కనుగొనిరి. అందులో అరువదికి పైగా పిల్లుల ఎముకలు దొరికినవి. వాని మీద కత్తిగాట్లున్నవి. తోలు కొఱకు చంపినవి. పిల్లితోలు అమ్ముడుపోవు సరుకు. సోదెకత్తె చేతుల మీద మెత్తగా వెచ్చగా నున్న తొడుగును ఒకనాడు మ్యావుమన్న జంతువే. కొలుచుట, ఒలుచుట అను రెండును ఒకే ఊరిలో, ఒకే ఇంట కూడ, జరుగవచ్చును. ఆవును పూజించుచు చెప్పులు తొడుగుకొను మనకు ఇది అర్థము కాని విషయము కాదు.

పిల్లి ఆ చలిదేశములకు స్వదేశీ కాదు. దాని తొలి చెలిమి పశ్చిమాసియా ధాన్యపు కొట్టుల కడ, ఈజిప్టులో. బాల్టిక్ తీరమున రాల్స్‌వీక్ అను వైకింగ్ రేవులో దొరికిన పిల్లి ఎముకలలో ఈజిప్టు పిల్లుల వంశచిహ్నము కనబడినదని 2017లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఓడలలో ఎలుకలు ధాన్యమును, త్రాళ్ళను కొరుకును కనుక నావికులు పిల్లిని వెంట పెట్టుకొని తిరిగిరి. అట్లు వచ్చిన పరదేశి, దేశదేవత రథమునకు చేరినది. ధాన్యమును కాపాడు జంతువు, పంటల వంశమున పుట్టిన దేవత. ఈ సంబంధము మంత్రతంత్రముల కంటె ముందుదై యుండవచ్చును.

కాలము మారినది. 999లో ఐస్‌లాండ్ మహాసభలో హ్యాల్టి అనువాడు ఫ్రేయాను నిందించుచు ఒక పద్యము చదివినందుకు అతనిని దేశమునుండి వెడలగొట్టిరి. మరుసటి సంవత్సరమే ఆ సభ క్రైస్తవమును స్వీకరించినది. ఒక్క ఏడాదిలో, నేరమైనది నేరము కాకపోయెను. తరువాత వ్రాసిన కథలలో ఫ్రేయా మెల్లమెల్లగా దిగజారినది. 14వ శతాబ్దపు ప్రతిలో ఒక కథ ఆమెను ఓడిన్ ఉంపుడుకత్తెగా, హారము కొఱకు మరుగుజ్జులతో బేరము చేసినదానిగా చూపును. పిల్లికిని అదే గతి. 1233లో 9వ గ్రెగరీ పోపు జర్మను దేశపు బిషప్పులకు వ్రాసిన లేఖలో, మతద్రోహుల రహస్యసభలలో నల్లపిల్లి వచ్చునని వర్ణన కలదు. ఉత్తర జర్మనీలోని ష్లెస్‌విగ్ ప్రధానదేవాలయపు కప్పు మీద చారల పిల్లి నెక్కి పోవు స్త్రీ చిత్రమొకటి ఉన్నది. ఆమె ఫ్రేయా యని కొందరు, మంత్రగత్తె యని కొందరు వాదింతురు. ఆ వాదమే ఫ్రేయా కథ. ఒకప్పుడు దేవత, ఆ మీదట, అదే స్త్రీ, అదే పిల్లి, మంత్రగత్తె.

మన దేశమున పిల్లికి ఇట్టి రెండు ముఖములు మొదటి నుండియు ఉన్నవి. వంగదేశమున బిడ్డలను కాపాడు షష్ఠీదేవికి పిల్లి వాహనము. మన ఊళ్ళలో పిల్లి ఎదురైనచో ప్రయాణము మానుకొందుము. కపటసన్న్యాసికి బైడాలవ్రతి యని పేరు పెట్టిన శాస్త్రమే మనది. అదే మన దేశమున తెంగలై శ్రీవైష్ణవులు శరణాగతికి మార్జాలకిశోర న్యాయమును చెప్పిరి. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనవలెను. పిల్లికూన ఏమియు చేయనక్కరలేదు, తల్లియే మెడ పట్టి తీసికొనిపోవును. ఈ పోలికలను చూచి ఫ్రేయాకును షష్ఠికిని చుట్టరికము కలుపుటకు నేను సాహసింపను. రెండు దేశములలోను తల్లులు పొయ్యి ప్రక్కన పిల్లిని చూచినారు. చూచినది ఒకటే కనుక తోచినదానిలో కొంత పోలిక వచ్చినది.

బాల్డర్ అంత్యక్రియలను గూర్చి ఒక మాట మిగిలియున్నది. దేవతలందరిలోను ప్రియమైన వాడు చనిపోయినాడు. శవమును ఓడలో నుంచి, ఓడను నీటిలోనికి తోయబోగా కదలలేదు. హిర్రోకిన్ అను రాక్షసస్త్రీని పిలిపించిరి. ఆమె విషసర్పములను పగ్గములుగా పట్టి తోడేలు నెక్కి వచ్చెను. ఆమె దిగినంతనే ఆ తోడేలును పట్టుకొనుటకు ఓడిన్ నలుగురు వీరులను నియమించెను. వారు దానిని క్రింద పడవేసిన గాని నిలుపజాలకపోయిరి. ఆమె త్రోసిన త్రోపునకు ఓడ కదలి, క్రింది దుంగల నుండి నిప్పులు రాలినవి. ఓడిన్ తన కాకులతో వచ్చెను. ఫ్రేయర్ పంది పూన్చిన రథముపై వచ్చెను. హైమ్‌డాల్ గుఱ్ఱముపై వచ్చెను. ఫ్రేయా తన పిల్లులతో వచ్చినది. ఆ పిల్లులను ఎవరు పట్టుకొని నిలిచిరో స్నోరి చెప్పలేదు.